ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం: ఎడిటింగు శ్రమకు ఏడాది లెక్క

ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో ప్రతి రాశికీ నాలుగు అంకెలు చెబుతారు. ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం. జాతకాల మీద నమ్మకం లేనివాళ్ళు కూడా తమ రాశి వచ్చేసరికి కాస్త చెవి ఒగ్గుతారు. ఆ అంకెలు ఎంత నిజమన్నది అటుంచితే, ఆ గడుల అమరికలో ఒక లోకజ్ఞానం ఉంది. డబ్బు లెక్క పక్కనే గౌరవం లెక్క కూడా ఉండాలన్న ఎరుక అది. ఇంట్లో కూర్చుని పుస్తకాలు, అనువాదాలు, సిద్ధాంత గ్రంథాలు, పత్రికల రచనలు ఎడిట్ చేసి బతుకుతున్న స్త్రీల పనిని అంచనా వేయడానికి నాకు ఈ నాలుగు గడులే సరిపోతాయనిపిస్తుంది. మార్కెట్లో దొరికే వ్యాపార ప్రణాళికల పుస్తకాలకు మొదటి రెండు గడులే తెలుసు. మన సాహిత్య లోకం మూడో గడి గురించి మాత్రమే మాట్లాడుతుంది. నాలుగో గడి గురించి ఎవరూ మాట్లాడరు.

ఫ్రీలాన్స్ ఎడిటర్లకు సలహాలిచ్చే ఇంగ్లీషు పుస్తకాలు చెప్పేది దాదాపు ఒకటే. ఏడాది చివర కూర్చోండి. చేసిన పనులన్నీ జాబితా రాయండి. ఎవరు ఎంత ఇచ్చారో, ఆ పనికి ఎన్ని గంటలు పట్టాయో చూడండి. తక్కువ ఇచ్చేవాళ్ళను వదులుకోండి. రేట్లు పెంచండి. పన్నుకు కొంత పక్కన పెట్టండి. వచ్చే ఏడాదికి లక్ష్యాలు రాసుకోండి. ఇందులో తప్పేమీ లేదు. నిజానికి మన స్త్రీలలో చాలామంది ఈ మాత్రం కూడా చెయ్యరు కాబట్టి దీన్ని చిన్నచూపు చూడనక్కరలేదు. కానీ ఈ సలహాల వెనక ఒక మనిషి బొమ్మ ఉంది. ఆ మనిషి ఒంటరి. అతని సమయం అతనిదే. అతనికి పని ఇచ్చేవాళ్ళు అతనికి ఏమీ కారు. వాళ్ళను వదిలేస్తే పోయేది డబ్బు మాత్రమే. ఆ బొమ్మలో మన ఎడిటర్లు ఎక్కడైనా కనిపిస్తారా?

ముందు ఏడాది ఎప్పుడు ముగుస్తుందో చూద్దాం. పన్నుల శాఖకు మార్చి 31న ముగుస్తుంది. పుస్తక ప్రచురణకు డిసెంబరులో హైదరాబాదు బుక్ ఫెయిర్, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం. అప్పటికి పుస్తకం అచ్చులో ఉండాలని అక్టోబరు దాకా నిద్రపోయిన ప్రతులన్నీ నవంబరులో ఒక్కసారి మీద పడతాయి. ఆ వెంటనే సంక్రాంతి. పిండివంటలు, బంధువులు, ఊరి ప్రయాణాలు. మార్చిలో లెక్కలు చూసుకుందామంటే పిల్లల పరీక్షలు. ఎడిటరు పనిగంటలు పెరిగే నెలలూ, గృహిణి పనిగంటలు పెరిగే నెలలూ ఒకటే. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, ఆ పని చేసే పురుషులు వెచ్చిస్తున్నది 88 నిమిషాలు. పిల్లల, వృద్ధుల సంరక్షణకు స్త్రీలవి 137 నిమిషాలు, పురుషులవి 75. ఏ ప్రణాళికైనా ఈ నిమిషాలు పోను మిగిలిన రోజు మీదే వేసుకోవాలి.

అంకెలతోనే ఒక ఉదాహరణ వేసి చూద్దాం. 240 పేజీల డెమీ పుస్తకం, అంటే 15 ఫారాలు. పేజీకి 25 రూపాయలనుకుందాం. చేతికొచ్చేది 6,000. మొదటి చదువు గంటకు పది పేజీల చొప్పున 24 గంటలు. రెండో ప్రూఫు 12 గంటలు. రచయితతో ఫోన్లు, అను ఫాంట్ల నుంచి యూనికోడ్‌లోకి మార్చినప్పుడు విరిగిపోయిన ఒత్తులూ గుణింతాలూ సరిచెయ్యడం మరో 8 గంటలు. అచ్చుకు పోయేముందు చివరిసారి చూడటానికి 6. మొత్తం 50 గంటలు. గంటకు 120 రూపాయలు. ఇప్పుడు రెండోవైపు నుంచి రండి. నెలకు 25,000, అంటే ఏడాదికి 3 లక్షలు కావాలనుకున్న స్త్రీ, ఇంటిపని పోను రోజుకు 4 గంటలు, నెలకు 22 రోజులు, ఏడాదికి 11 నెలలు పని చెయ్యగలిగితే 968 గంటలు. ఇందులో పావువంతు బిల్లులు రాయడానికి, డబ్బు అడగడానికి, ప్రతి కోసం ఎదురుచూడటానికి పోతుంది. మిగిలేది 726 గంటలు. 3 లక్షలు రావాలంటే గంటకు 413 రూపాయలు రావాలి. వస్తున్నది 120. కరెంటు, ఇంటర్నెట్టు, కళ్ళజోడు, నిఘంటువుల ఖర్చు ఇంకా తియ్యనే లేదు.

120కీ 413కీ మధ్య ఉన్న ఈ దూరాన్ని ఎవరు భరిస్తున్నారు? ఎక్కువమంది విషయంలో భర్త జీతం, తండ్రి పింఛను, లేదా ఆమె ఆరోగ్యం. తెలుగు పుస్తకం వెల అందుబాటులో ఉందని మనం గర్వంగా చెప్పుకుంటాం కదా, ఆ వెలలో కొంత ఇక్కడినుంచే తగ్గుతోంది. కాగితం వాళ్ళు తగ్గించరు. ప్రెస్సు వాళ్ళు తగ్గించరు. డి.టి.పి. కూడా పేజీకి ఇంత అని ముందే చెబుతుంది. ఎడిటింగు ఒక్కటే 'మీకు తోచింది' పద్దులోకి వెళ్తుంది.

ఎందుకలా అని ఆలోచిస్తే, మనం ఆ పనిని అడిగే మాటలోనే కొంత జవాబు దొరుకుతుంది. "అక్కా, ఒక్కసారి చూసిపెట్టవా?" తెలుగులో 'పెట్టు' అనే క్రియ చేసే పని గమనించండి. వండిపెట్టడం, ఉతికిపెట్టడం, సర్దిపెట్టడం. చేసే పని తనకోసం కాదు, ఎదుటివాళ్ళ కోసం అని చెప్పడానికి ఈ మాట చేరుస్తాం. డి.టి.పి. చేసే అతన్ని కూడా 'చేసిపెట్టండి' అనే అంటాం, నిజమే. కానీ అదే ఊపిరిలో 'పేజీకెంత?' అని అడుగుతాం. ఎడిటరు స్త్రీ అయినప్పుడు ఆ రెండో వాక్యం రాదు. 'చూడటం' పనిలా కనిపించదు. ఒక్కసారి చూడటం అసలే కనిపించదు. పైగా పని బాగా చేస్తే దాని ఆనవాలు మిగలదు. మంచి ఎడిటింగు జరిగిన వాక్యం మొదటినుంచీ అలాగే ఉన్నట్టుంటుంది, ఊడ్చిన ఇల్లు ఎప్పుడూ అలాగే ఉన్నట్టు కనిపించినట్టే. చెయ్యకపోతేనే బయటపడే పనులివి. ఇంటిపనికి జీతం కావాలని 1975లో సిల్వియా ఫెదెరీచి రాసినప్పుడు ఆమె పట్టుబట్టింది ముఖ్యంగా ఈ విషయం మీదే. ఈ పనిని స్త్రీ స్వభావంగా, ప్రేమగా చూడటం మానాలంటే ముందు దానికి ధర అడగాలి. అడిగినప్పుడే అది పని అని తేలుతుంది. అప్పుడే కాదనే హక్కు కూడా వస్తుంది.

ఫ్రీలాన్స్ అనే మాటలో ఉన్న 'ఫ్రీ'కి స్వేచ్ఛ అని అర్థం. మన దగ్గర వాడుకలో 'ఫ్రీ' అంటే ఉచితం. ఈ పనిలో ఉన్న స్త్రీల అనుభవంలో రెండో అర్థానిదే పైచేయి.

ఈ పత్రిక చదివేవాళ్ళలో విశ్వవిద్యాలయాల్లో పనిచేసేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి పరిశోధనల సంగతి విడిగా చెప్పాలి. పిహెచ్.డి. గ్రంథం సమర్పించే గడువు దగ్గర పడ్డాక 'భాష కాస్త చూసిపెట్టండి మేడమ్' అంటూ వస్తుంది. భాష చూడటమంటే ఏమిటి? అచ్చుతప్పులా? వాక్య నిర్మాణమా? అధ్యాయాల క్రమమా? వాదనా? 'చూసిపెట్టు'కు హద్దు లేదు. నాకు తెలిసిన ఒక విభాగంలో రెండేళ్ళపాటు వరసగా సిద్ధాంత గ్రంథాలు చూశాను. మొదట ప్రూఫు అన్నారు, తర్వాత ఉపసంహారం 'కాస్త కూర్చి' ఇమ్మన్నారు. ఆ పని నేను చెయ్యను, అది పరిశోధకుల పని అన్నాక మరో ప్రతి రాలేదు, పాత బిల్లు కూడా రాలేదు. ఇది నా ఒక్కదాని బాధ కాదు. ఏ పని చేస్తాను, ఏది చెయ్యను, దేనికెంత అని ముందే కాగితం మీద రాయడాన్ని మనం వ్యాపార బుద్ధి అనుకుంటాం. నిజానికి అది విద్యానైతికతకు సంబంధించిన విషయం. ధర రాసినచోట హద్దు కూడా రాయక తప్పదు. హద్దు లేనిచోట ఎడిటరు మరొకరి పరిశోధన రాసిపెట్టే స్థితికి వస్తుంది.

పేజీ లెక్కకు మరో పర్యవసానం ఉంది. ఇది మన సాహిత్య విమర్శ పట్టించుకోనిది. పేజీకి ఇంత అన్నప్పుడు వేగంగా దిద్దినవాళ్ళకే నాలుగు రూపాయలు మిగులుతాయి. వేగంగా దిద్దడం ఎలా సాధ్యం? చేతికి అలవాటైన ప్రామాణిక భాషలోకి మార్చేస్తే సాధ్యం. ఒక పాలమూరు రచయిత్రి కథలోనో, ఒక దళిత స్త్రీ ఆత్మకథలోనో మాట తేడాగా ఉన్నప్పుడు, అది తప్పా, ఆ ఊరి వాడుకా, ఆ కులం వాడుకా, రచయిత్రి కావాలని చేసిన ప్రయోగమా అని తేల్చుకోవాలంటే ఆమెకు ఫోన్ చెయ్యాలి, వినాలి, ముందు పేజీల్లో ఎలా రాసిందో వెనక్కి వెళ్ళి చూడాలి. ఒక్క మాటకు పావుగంట. పేజీ రేటులో ఆ పావుగంటకు చోటు లేదు. కోస్తా జిల్లాల అగ్రవర్ణ భాష తెలుగంతటికీ కొలబద్ద ఎలా అయిందన్న చర్చలో పాఠ్యపుస్తకాల గురించి, పత్రికల గురించి మాట్లాడుకున్నాం. ఎడిటరుకు ఇచ్చే పేజీ రేటు కూడా ఆ కొలబద్దను రోజూ అమలు చేస్తోందని గుర్తించాలి. స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల గొంతులు వినిపించాయంటే, గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో 'నల్లపొద్దు' దళిత స్త్రీల రచనలను ఒకచోటికి తెచ్చిందంటే, వాటి వెనక పేజీల లెక్కకు లొంగని సమయం ఉంది. ఆ సమయం ఉద్యమాల నుంచి వచ్చింది. ఉద్యమం ఇవ్వగలిగిన సమయాన్ని, బతుకుతెరువుకోసం ఎడిట్ చేసే ఒంటరి స్త్రీ ఎక్కడినుంచి తెస్తుంది?

ఇక్కడ బెంగుళూరు నాగరత్నమ్మను తలుచుకోవాలి. ముద్దుపళని 'రాధికా సాంత్వనము' గురించి మాట్లాడేటప్పుడు నిషేధం గురించి మాట్లాడతాం, శృంగారం గురించి మాట్లాడతాం. నాగరత్నమ్మ అక్కడ చేసిన పని ప్రధానంగా ఎడిటరు పని. అంతకుముందు అచ్చయిన ప్రతిలో పద్యాలు పోయాయని, ముద్దుపళని తన గురించి చెప్పుకున్న భాగం లేదని ఆమె గుర్తించింది. వేరే ప్రతి సంపాదించి, పోల్చి చూసి, పోయినవాటిని తిరిగి చేర్చి, పీఠిక రాసి 1910లో వావిళ్ళవారి ద్వారా అచ్చు వేయించింది. మరుసటి ఏడాదే అశ్లీలమన్న ఆరోపణతో ప్రతులను స్వాధీనం చేసుకున్నారు. 1947లో ప్రకాశం పంతులుగారి చొరవతోగానీ నిషేధం తొలగలేదు. ఈ కథలో మనం చెప్పుకోనిది ఒకటుంది. నాగరత్నమ్మ కచేరీలు చేసి సొంతంగా సంపాదించుకున్న కళాకారిణి. తర్వాతి కాలంలో తిరువయ్యూరులో త్యాగరాజ సమాధి మందిరానికి తన ఆస్తి ఖర్చు పెట్టగలిగింది. పండితులతో తలపడిన ఆ ఎడిటింగు ధైర్యం వెనక, ఎవరి దయ మీదా ఆధారపడని ఆదాయం ఉంది. వర్జీనియా వూల్ఫ్ 1929 నాటి పుస్తకంలోని సొంత గది గురించి మన సెమినార్లలో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. గది పక్కనే ఉన్న ఏడాదికి 500 పౌన్లు మాత్రం మర్చిపోతాం. ఓటుహక్కు, వారసత్వపు డబ్బు దాదాపు ఒకే సమయంలో వచ్చాయని, రెంటిలో డబ్బే తనకు ఎంతో ముఖ్యమనిపించిందని ఆ పుస్తకంలోని కథకురాలు మొహమాటం లేకుండా చెబుతుంది. మొహమాటం మనకే.

ఆ మొహమాటం వల్ల చట్టం ఇచ్చినవి కూడా వదులుకుంటున్నాం. ఎడిటింగును సేవగా అందించే స్త్రీ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేసుకోవచ్చు. 2020 జులై 1 నుంచి అమల్లో ఉన్న ఈ నమోదుకు రుసుము లేదు. నమోదైన సూక్ష్మ సంస్థకు 2006 నాటి చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని గడువులోగా, అదీ 45 రోజులకు మించకుండా డబ్బు చెల్లించాలి. ఒప్పందం లేకపోతే 15 రోజులు. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. అంతేకాదు, ఇలాంటి చిన్న సంస్థకు గడువులోగా చెల్లించని మొత్తాన్ని, చెల్లించేదాకా, కొనుగోలుదారు తన వ్యాపార ఖర్చుగా చూపించుకోకుండా 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఆదాయపు పన్ను చట్టం అడ్డుకుంటోంది. అంటే 'పుస్తకాలు అమ్ముడయ్యాక ఇస్తాం' అనేది దయ తలచి పెట్టే గడువు కాదు, చట్టం ఒప్పుకోని గడువు. అలాగే వృత్తి ఫీజుగా ఒక సంస్థ ఏడాదిలో ఇచ్చేది పరిమితి దాటితే 10 శాతం పన్ను ముందే కోసుకుంటుంది. ఆ పరిమితిని 2025 ఏప్రిల్ 1 నుంచి 30,000 నుంచి 50,000కు పెంచారు. మొత్తం ఆదాయం పన్ను కట్టవలసినంత లేకపోతే రిటర్ను వేసి ఆ సొమ్ము వెనక్కి తెచ్చుకోవచ్చు. 'ఆ నాలుగు వేలకోసం ఆడిటరు దగ్గరికి ఏం పోతాం' అని వదిలేసిన స్త్రీలు నాకు తెలుసు. ఆ నాలుగు వేలు ఆమె నలభై గంటల చూపు కావచ్చు.

అయితే చట్టంతో అంతా తేలదు. నాకు డబ్బు బాకీ ఉన్నది ఒక పెద్ద సంస్థ అయితే నోటీసు ఇవ్వగలను. బాకీ ఉన్నది అప్పు చేసి స్త్రీవాద కవిత్వం వేస్తున్న మరో స్త్రీ అయితే? సలహా పుస్తకం ఆమెను వదులుకోమంటుంది. ఆమెను వదులుకుంటే ఆ కవిత్వం రాదు. వదులుకోకపోతే నా కరెంటు బిల్లు కట్టలేను. వ్యక్తిగత ప్రణాళిక అనేది సరిగ్గా ఇక్కడ గోడకు తగులుతుంది. ఎందుకంటే ఇది ఇద్దరు స్త్రీల తగువు కాదు. ప్రచురణ ఖర్చు లెక్కలో ఎడిటింగుకు ఒక వరస లేకపోవడం దీనికి మూలం. ఆ వరస లేనంతకాలం స్త్రీలు ఒకరి శ్రమను మరొకరు తింటూ అక్కాచెల్లెళ్ళమని చెప్పుకుంటూ ఉంటాం. మన ఉద్యమ పత్రికలు, మన సంకలనాలు, మన సెమినారు పత్రాల సంపుటాలు ఇలా ఉచితంగా దిద్దిన స్త్రీల చేతుల మీదుగానే వచ్చాయి. అది అవసరమైన కాలం ఉంది, ఇష్టంగా ఇచ్చిన శ్రమ ఉంది. ఇష్టంగా ఇవ్వడానికీ, అడగకుండా తీసుకోవడానికీ తేడా మాత్రం చెప్పుకోవాలి.

ఇప్పుడు కొత్తగా మరో ఒత్తిడి వచ్చింది. యంత్రం అనువదించిన ప్రతిని పంపి 'అంతా అయిపోయింది, కాస్త సరిచేసిపెట్టండి' అని సగం రేటు చెబుతున్నారు. వాక్యం పైకి నున్నగా ఉంటుంది. మరదలు వదిన అవుతుంది, మామ బాబాయి అవుతాడు, మాట్లాడే మనిషి ఏ ఊరిదో పోతుంది. మూలం పక్కన పెట్టుకుని ప్రతి వాక్యం చూడకపోతే ఈ తప్పులు దొరకవు. అంటే పని సగం కాలేదు, కొన్నిచోట్ల పెరిగింది. తగ్గింది ధర మాత్రమే.

మూడో గడి, రాజపూజ్యం. ముందుమాటల చివరి పేరాలు చదవండి. ఒక తరం పురుష రచయితలు శుద్ధప్రతి రాసిన అర్ధాంగికి కృతజ్ఞతలు చెప్పారు, చాలాసార్లు పేరు లేకుండానే. మన తరంలో 'శ్రమ అనుకోకుండా ప్రూఫులు చూసిన' స్నేహితురాళ్ళకు ధన్యవాదాలు చెబుతున్నాం. పేరు ఉంటుంది, సంతోషమే. కానీ 'శ్రమ అనుకోకుండా' అన్న మాట చూడండి. శ్రమ కాదని ఆమె అనుకుందో, మనం అనుకున్నామో? ముఖపత్రం వెనక, ముద్రణ వివరాల్లో, ప్రెస్సు పేరు, డి.టి.పి. పేరు, ముఖచిత్రం వేసినవారి పేరు ఉన్నచోట ఎడిటరు పేరు ఎందుకు ఉండదు? టోనీ మారిసన్ నవలా రచయిత్రిగా ప్రపంచానికి తెలుసు. ఆమె రాండమ్ హౌస్‌లో ఎడిటరుగా ఉండి 1974లో వచ్చిన ఏంజెలా డేవిస్ ఆత్మకథ వంటివాటిని ఎడిట్ చేసిందన్నది కూడా నల్లజాతి సాహిత్య చరిత్రలో భాగంగా నమోదై ఉంది. మన స్త్రీవాద సాహిత్య చరిత్ర రాసేవాళ్ళకు అలాంటి నమోదు ఎక్కడ దొరుకుతుంది?

కాబట్టి ఏడాది లెక్క వేసుకుందాం, నాలుగు గడులతో. ఎవరు ఎంత ఇచ్చారు, ఎన్ని గంటలు పోయాయి, ఎక్కడ పేరు వచ్చింది, ఎక్కడ తలవంపులు వచ్చాయి. ఉచితంగా చేసినవి కూడా మామూలు రేటుతో బిల్లు రాసి, కింద తగ్గింపు చూపించి ఇద్దాం. అప్పుడు ఇచ్చింది కానుక అని ఇద్దరికీ తెలుస్తుంది. మాండలిక రచనలకు పేజీ లెక్క మాని గంటల లెక్క అడుగుదాం. మన రేట్లు ఒకరికొకరం దాచుకోకుండా చెప్పుకుందాం, ఎందుకంటే ఆ రహస్యం వల్ల లాభపడేది మనం కాదు. ఇవన్నీ ఎడిటర్లు చెయ్యగలిగినవి. రచయిత్రులు, అధ్యాపకులు, ప్రచురణకర్తలు చెయ్యవలసింది ఇంతకన్నా చిన్నది, ఇంతకన్నా కష్టమైనది. వచ్చే పుస్తకానికి ఖర్చు అంచనా రాసేటప్పుడు కాగితం, అచ్చు, బైండింగు తర్వాత 'ఎడిటింగు' అని ఒక వరస రాసి, దాని ఎదుట ఒక అంకె వెయ్యాలి. ఈ పత్రిక కూడా.